దున్నిన నీళ్లు

తీగ మళ్లీ ఖాళీగానే పైకి వచ్చింది.

కెప్టెన్ టోపీ తీసి డెక్కు మీద విసిరికొట్టాడు. యుద్ధం ముగిసి రెండు వానాకాలాలు పోయాయి. ఒకప్పుడు చేపల వలలు లాగిన ఈ చెక్క పడవ ఇప్పుడు మైన్లు ఏరే పడవ. వెనక పొడవాటి ఉక్కు తీగ, దానికి కత్తెరలు. మైనును అడుగున పట్టి ఉంచే గొలుసు వాటికి చిక్కి తెగితే, ఆ ముళ్ల గుండు పైకి తేలుతుంది. దూరం నుంచి తుపాకీతో పేల్చేస్తారు. అంతే పని.

తేలితే కదా!

"సరిగ్గా ఇక్కడేనా పెద్దాయనా?"

"ఇక్కడే," అన్నాడు పక్కన నిలబడ్డ ముసలి అధికారి.

నిన్నటి శత్రువు. ఈ అఖాతం నిండా మైన్లు వేసి వెళ్లినవాడు. ఆ సాహసానికి వాళ్ల దేశం పతకం కూడా ఇచ్చింది. ఓడిపోయాక, వేసిన చోటు చూపించమని ఇక్కడికి పంపింది.

"కాస్త ఉత్తరంగా లాగి చూడండి."

"నిన్న దక్షిణం అన్నారు."

"ప్రవాహానికి జరిగి ఉంటాయి."

కెప్టెన్ పళ్లు నూరుకున్నాడు. గట్టిగా అడుగుదామంటే నోరు రాదు. ఆయన ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలోనే పోయాడు. ఓడ మైనుకు తగిలిందట. ఎక్కడ అని అడిగితే, "మా రేవు ముందే" అని ఊరుకున్నాడు.

"మావాళ్లు అంతదూరం వచ్చారని నేనెప్పుడూ వినలేదండీ," అన్నాడు కెప్టెన్ ఇబ్బందిగా.

ముసలాయన చేతిలో టీ చల్లారిపోయింది.

సాయంత్రం గట్టు మీద కెప్టెన్ అక్క కాచుకుని ఉంది. చుట్టూ ఎండి బిగుసుకుపోయిన వలలు. మైన్లు తేలేదాకా అఖాతంలో ఎవరూ పడవ దించకూడదని ఉత్తర్వు. చేపలేమో హద్దు గుర్తుగా నీళ్ల మీద తేలే ఆ ఎర్ర బోయాల అవతలే.

"ఏరా, ఇవాళైనా?"

"లేదక్కా."

"కొండను తవ్వినవాళ్లు ఎలుకనైనా పట్టుకొస్తారు. మీరు రోజూ సముద్రాన్ని దున్ని ఉత్త చేతులతో దిగుతారు!"

"నన్నేం చెయ్యమంటావ్? నేను వేశానా?"

"వేసినాయన్ని కొత్తల్లుడిలా కూర్చోబెట్టి టీలు పోస్తున్నావుగా! మా పొయ్యి మీద మాత్రం పిల్లి పడుకుంది."

ఆ పక్కనే మేనల్లుడు పడవ అంచు మీద కూర్చుని ఉన్నాడు. బోయాల వైపే చూస్తున్నాడు.

తెల్లవారాక అక్క కేకలు రేవంతా వినబడ్డాయి.

"వాడు పోయాడ్రా! పడవేసుకుని బోయాలు దాటి లోపలికి పోయాడ్రా!"

కెప్టెన్ చూశాడు. అఖాతం నడిమధ్య, ఇంకా తీగ లాగని నీళ్లలో, మేనల్లుడి గోధుమరంగు తెరచాప. కేక వేస్తే వినబడేంత దగ్గరలో లేడు. తీగ లాక్కుంటూ వెళ్తే ఎప్పటికి చేరతాడు? నేరుగా వెళ్తే తన పడవే మిగలకపోవచ్చు.

"ఇంజన్ వెయ్యండి! నేరుగానే పోదాం!"

అక్క పరుగున వచ్చి అతని చొక్కా పట్టుకుంది. "వద్దురా! వాడితోపాటు నువ్వూ పోతే నేనెవర్ని చూసుకుని బతకను?"

"వదులక్కా!"

"వదలను!"

ముసలాయన పడవ దిగి వచ్చాడు. ఆమె ముందు నిలబడి టోపీ తీశాడు. ఆమె మొహంలోకి చూడలేక నీళ్ల వైపు తిరిగాడు.

"మీ అబ్బాయికేం కాదమ్మా, ఇంతదూరం రావడానికి భయమేసి ఆ మైన్లన్నీ నేను మా రేవు ముందే దించేశాను."