కొత్త గాట్లు

"దిగు నుర్జాత్. ఈ టైర్లతో కనుమ దాటలేరు," అంటూ తొక్తోసున్ టాక్సీ తలుపు లాగాడు.

నుర్జాత్‌కు ఒళ్లు మండింది. మధ్యాహ్నంలోగా తలాస్ చేరకపోతే ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. వెనక సీట్లో ముగ్గురు ప్రయాణికులు అప్పుడే విసుక్కుంటున్నారు.

"నలుగురిలో నా పరువు తీయకు నాన్నా."

డ్రైవర్ ఎమిల్‌బెక్ కిందికి దిగాడు. "మీ కళ్లకేమైనా పొరలు కమ్మాయా పెద్దాయనా? గాట్లు చూడండి, ఎంత లోతున్నాయో. నిన్ననే బజార్లో కొన్నాను. ఇంకో రెండు చలికాలాలు మన్నుతాయన్నాడు అమ్మినవాడు."

"మన్నవు. అరిగిపోయిన టైరును వేడి కత్తితో కోసి గాట్లు పెట్టారు." తొక్తోసున్ మంచులో కూర్చుని ఒక గాటును వేళ్లతో విడదీశాడు. లోపల ఇనుప తీగలు బయటపడ్డాయి.

"అమ్మినవాడికి తెలియంది మీకెలా తెలిసిందో?"

తొక్తోసున్ తల ఎత్తలేదు. "కోసి వాడికిచ్చింది నేనే."

నుర్జాత్ సంచీ తీసుకుని దిగింది. వెనక ముగ్గురినీ దిగమంది. తర్వాత తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"ఇందులో నేను లేకపోతే వీళ్లను పోనిచ్చేవాడివేగా?"

మరో టాక్సీ నిండా జనంతో వాళ్లను దాటి కొండ దారి పట్టింది. తొక్తోసున్ దాని టైర్ల వైపే చూస్తున్నాడు.