వలందోళ్ల గోడ

అంతోనమ్మ కిరసనాయిలు గుడ్డతో గోడను గబగబా రుద్దుతోంది. తలుపు పక్కన పొద్దున వేసిపోయిన ఎర్ర గుర్తు ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏం చేస్తున్నవే?" లోపలి నుంచి దగ్గుతూ అడిగాడు భర్త ఆదాము.

"గోడ కడుగుతున్న. నువ్వు పండుకో."

బొగ్గుబాయిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని మంచాన పడ్డ మనిషి. ఈ ఇల్లు పోతే ఆయన్ని ఏ చెట్టు కింద పడుకోబెట్టాలి? ఆమె బెంగంతా అదే.

ఎప్పుడో సముద్రం దాటి బట్టల వ్యాపారానికొచ్చిన వలందోళ్లు, అంటే డచ్చివాళ్లు, కట్టుకున్న చిన్న కోట అది. ఒక బురుజు, ఒక సమాధి, కొన్ని గోదాము గోడలు మిగిలాయి. ఆ గోడలకు గోడలు కలుపుకుని తరతరాలుగా జనం కాపురాలు చేస్తున్నారు. ఇప్పుడు కోటను బాగుచేసి చూడవచ్చేవాళ్లకు చూపిస్తారట. అందుకు కొన్ని ఇళ్లు తీసేస్తారట. ఏవో చెప్పలేదు. పొద్దున ఆఫీసర్లు వచ్చి, కొన్ని గోడలకు ఎర్ర రంగు పూసి, నోరు విప్పకుండా జీపెక్కి పోయారు. ఇక చెప్పేదేముంది? ఇల్లందు దారి వెడల్పు చేసినప్పుడు ఎర్ర గుర్తు పడ్డ ఇల్లు ఒక్కటీ నిలవలేదు. అంతోనమ్మ పుట్టిల్లు అట్లాగే పోయింది.

సందులోని వాళ్లంతా అర్జీ పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లారు. పక్కింటి అమీరున్నీసా కూడా వెళ్లింది. వెళ్తూ ఆదాముకు గిన్నెడు జావ ఇచ్చి, ఇల్లు జర చూస్కోమని చెప్పింది. ఆమె గోడకు గుర్తు పడలేదు.

రుద్దగా రుద్దగా గుర్తు పోయింది. పోగానే ఇంకో భయం పట్టుకుంది. ఒక ఇల్లు తగ్గిందని ఆఫీసర్లు వెతుక్కుంటూ వస్తే? రెండిళ్లకూ ఒకటే సున్నం, ఒకటే వరస. పైకి చూస్తే కవలపిల్లలు. చేతిలో గుడ్డ ఇంకా ఎర్రగా, తడిగా ఉంది.

"ప్రభువా, మన్నించు" అనుకుంది. పాపం చేయకముందే మన్నింపు అడిగిన ఇల్లాలు! పక్కింటి గోడ మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసింది.

సాయంత్రం అమీరున్నీసా వచ్చి గోడ చూసి కూలబడింది.

"పొద్దుగాల లేకుండె గదా?"

"మల్లొచ్చిండ్రు. గీసి పోయిండ్రు" అంది అంతోనమ్మ.

అంతటితో ఆగినా బాగుండేది. ఏడుస్తున్న ఆమె కళ్లను తన కొంగుతో తుడిచింది కూడా. ఆ రాత్రి అంతోనమ్మకు అన్నం సయించలేదు.

మర్నాడు జేసీబీ వచ్చింది. వచ్చి నేరుగా అంతోనమ్మ గుమ్మం ముందు ఆగింది. మనుషులను బయటికి రమ్మన్నాడు సూపర్‌వైజర్ రవీందర్.

"మా గోడకు గుర్తు లేదు సారూ, చూడు" అంది అంతోనమ్మ.

"లేదు గనుకనే" అన్నాడు అతను. "గుర్తున్నయి వలందోళ్లు కట్టిన గోడలు. వాటిని ముట్టొద్దని పూసిండ్రు. కడమయన్ని తీసుడే."

అంతోనమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. తమదీ వలందోళ్ల గోడేననీ, గుర్తు తానే తుడిచాననీ చెప్పింది, కాళ్లు పట్టుకుంది. గుర్తు లేనివాళ్లందరూ ఇదే మాట చెబుతారని అతను విసుక్కున్నాడు. రుజువు పక్క గోడ మీదే ఉంది. అది తాను గుడ్డతో గీసిందని ఒక్క మాట అంటే తన ఇల్లు నిలుస్తుంది, అమీరున్నీసా ఇల్లు పోతుంది. అనాలనే చూసింది. నాలుక కదల్లేదు.

ఈలోగా అమీరున్నీసా నలుగురిని పిలుచుకొచ్చి, ఆదామును మంచంతో సహా తన ఇంట్లోకి చేర్పించింది. బయటికొచ్చి, కూలుతున్న గోడ ముందు కొయ్యబారి నిలబడ్డ అంతోనమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు అంతోనమ్మా, మా ఇల్లు మిగిలింది గదా. మల్లొచ్చి గుర్తు పెట్టినోళ్ల చేతులు సల్లగుండ."