అట్ట మీది పేరు

యేసుబాబు రాసిన ఎర్ర అక్షరాల కింద ఎవరో పెన్సిల్‌తో జవాబు రాశారు.

నిన్న సాయంత్రం పుస్తకం మార్జిన్‌లో అతను రాసింది ఇదీ: “ఈ రావుగారికి మన పేట ఆడవాళ్ళంటే ఇంత లోకువా?”

కింద పెన్సిల్: “లోకువ చెయ్యలేదు. మళ్ళీ చదవండి.”

బెజవాడ కాలవగట్టు పేటవాళ్ళు పెట్టుకున్న పఠన మందిరం అది. ఆటో యూనియన్ నడిపే యేసుబాబు దానికి సెక్రటరీ. రెండువేల మూడు నాటికి అక్కడ ఏ పుస్తకంలోనూ మార్జిన్ ఖాళీ లేదు. చదివిన ప్రతివాడూ పక్కన తీర్పు రాసి పోవాల్సిందే.

ఈ నవల్లో అందరికీ మంటెక్కించింది ఒక్క ఘట్టం. డెబ్భై ఏడు ఉప్పెనలో దివిసీమ పేటలోని కూలిమనిషి ఒకతె ఒక చేత్తో తుమ్మచెట్టు పట్టుకుని ఉంటుంది. రెండో చేతిలో పదేళ్ళ పెద్దపిల్ల. చంకలో చంటిది జారిపోతుంటే, దాన్ని అందుకోడానికి పెద్దదాని చెయ్యి వదిలేస్తుంది.

అట్ట మీద పేరు వెంకటసుబ్బారావు.

మనవాళ్ళు కథ కంటే ముందు చదివేది పేరు. పేరులోనూ కులం చెప్పే తోక. తోక దొరికిందా, ఇక లోపలేముందో చదవక్కర్లేదు, ఎందుకు రాశాడో తెలిసిపోతుంది. యేసుబాబుకీ అలాగే తెలిసిపోయింది.

“ఎవరండీ ఇది రాసింది?” లైబ్రేరియన్ సంజీవరావుని నిలదీశాడు.

“నీ తర్వాత ఎవరూ తీసుకోలేదయ్యా. బీరువాలోనే ఉంది.”

“అయితే ఆ సుబ్బారావునే అడుగుదాం. ఎక్కడుంటాడు?”

“పామర్రు దగ్గర బడిపంతులు. పోయి పదిహేనేళ్ళయింది.”

యేసుబాబు లోపలి పేజీ తిప్పాడు. నవల అచ్చయింది తొంభై ఆరులో.

“చచ్చాక రాశాడంటారా?”

“అదేదో నువ్వే తేల్చు. సెక్రటరీవి కదా.”

గది ఊడుస్తున్న జీవరత్నం కాళ్ళెత్తమంది. ఇద్దరూ ఎత్తారు. నలభైకి అటూ ఇటూ ఉన్న మనిషి. పొద్దున తలుపులు తీసేదీ, సాయంత్రం తాళాలు వేసేదీ ఆమే. అంతకుమించి ఆమె గురించి ఎవరికీ తెలీదు.

ఆ సాయంత్రం యేసుబాబు మళ్ళీ ఎర్రపెన్ను తీశాడు. “ఎవరు నువ్వు? అక్కడుండి చూశావా?”

మర్నాడు మధ్యాహ్నం తీసి చూస్తే, కింద పెన్సిల్ ఉంది.

“చూశాను. నీళ్ళ లోపల్నించి.”

ఆగస్టు ఉక్కపోతలో యేసుబాబు వీపు చల్లబడింది.

భయపడ్డ మగాడు భయమని ఒప్పుకోడు, కోపమంటాడు. ఆదివారం కమిటీని కూర్చోబెట్టి, పుస్తకాన్ని అందరి ముందూ చింపెయ్యాలని తీర్మానం చేయించాడు.

జీవరత్నం చీపురు గోడకి ఆనించి వచ్చింది.

“చింపకండి అన్నా. అదొక్కటే మిగిలింది.”

“నీకెందుకమ్మా ఇది?”

“ఎవరికీ ఇవ్వకండి. బీరువా వెనకాల పడేసి ఉంచండి, చాలు.”

“నీకు తెలీదు జీవరత్నం. నీలాంటి తల్లుల్ని రాక్షసులని రాశాడు వాడు. నీ కోసమే చింపుతున్నా.”

కమిటీ చప్పట్లు కొట్టింది. అతను అట్టతో సహా చింపాడు.

జీవరత్నం ముక్కల్ని ఊడవలేదు, వంగి ఒక్కొక్కటే ఏరుకుంది. గాలికి కొన్ని కిటికీలోంచి కాలవలో పడ్డాయి. అవి మునిగేదాకా చూస్తూ నిలబడింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు సంజీవరావు ఒక చీటీ ఇచ్చాడు.

“ఇక పనికి రాదట.”

పెన్సిల్ చీటీ. మార్జిన్‌లో కనిపించిన గుండ్రటి రాతే.

“ఈమెకి చదువొచ్చా?”

“మనం ఎప్పుడడిగాం?”

యేసుబాబుకి అంతా ఒక్కసారిగా అర్థమైపోయింది. రాసింది ఆమే. నీళ్ళు చూసిందీ ఆమే. పిల్ల చెయ్యి వదిలిన తల్లి ఆమే. వెళ్ళి తప్పయిందని చెప్పుకోవాలి.

గట్టు చివర రేకుల ఇల్లు. అరుగు మీద చూపులేని ముసలమ్మ గుంజ పట్టుకుని కూర్చుంది. మాట్లాడినంతసేపూ ఆ గుంజ వదల్లేదు. వేళ్ళ గణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“జీవరత్నం ఉందా మామ్మా?”

“పామర్రెళ్ళింది నాయనా. పుస్తకం ఇంకోటి ఎవరింట్లోనన్నా ఉందేమో చూస్తానని. నేను దాని తల్లిని, అమలమ్మని.”

“ఆ పుస్తకం రాసింది...”

“అదే. పేరు మాత్రం చదువు చెప్పిన మేష్టారిది పెట్టింది. తన పేరుంటే జనం నన్ను పోల్చేస్తారంట.”

 నవల్లో తల్లి జీవరత్నం కాదు. ఆ తల్లి యేసుబాబు ఎదురుగానే కూర్చుని ఉంది.

“సాయంత్రం తెచ్చి ఆ ఉప్పెన సంగతే చదివేది,” అంది ముసలమ్మ. “మధ్యలో ఆపి ఏదో గీకేది. ఏంటే ఆ చప్పుడంటే, ఎవరికో జవాబమ్మా అనేది. నా తప్పేం లేదని రాసింది నాయనా అందులో. అది వింటేనే నాకు కన్నంటుకునేది. మూడురోజులైంది.”

 యేసుబాబు అడిగాడు.

“అయితే మీరు అందుకున్న చంటిపిల్లేనా జీవరత్నం?”

“చంటిది తెల్లారేసరికి నా చేతిలోనే చల్లబడిపోయింది బాబూ,” అంది అమలమ్మ. “నేను చెయ్యి వదిలేసిన పెద్దపిల్ల, జీవరత్నం.”