బ్లూరే తెలియని వెధవ

"బ్లూరే డిస్కులో సినిమా అంతా నీలంగా కనబడతాదంట గదా?"

ఫోన్లో ఆ ప్రశ్న చదివి హర్ష చాలా రోజుల తర్వాత నవ్వాడు. అది సంతోషంతో వచ్చిన నవ్వు కాదు. ఇలాంటి గాడిదలకు ఫోన్లు ఎవరు కొనిస్తారో అనుకున్నాడు.

వీడియో గేములు ఆడేవాళ్ల తెలుగు గ్రూపు అది. అడిగినవాడు తనకు తాను 'గేమ్ కింగ్' అని పేరు పెట్టుకున్నాడు. ఫొటో లేదు. రాసిన దాంట్లో సగం అక్షరాలు తప్పులు.

"డిస్కును చదివే లేజరు రంగు అది. సినిమాకు పూసే రంగు కాదు. తెలీకపోతే నోరు మూసుకో," అని హర్ష రాశాడు.

"దానికంటే హెచ్‌డీ డీవీడీ మేలంటాండారు మా ఊర్లో."

హర్షకు ఒళ్లు మండింది. ఆ రెండింటి పోటీ ముగిసి, హెచ్‌డీ డీవీడీ ఎప్పుడో మట్టిలో కలిసింది. ప్లేస్టేషన్ త్రీ గేము మిషన్లో బ్లూరే డ్రైవు లోపలే ఉండేది. ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవును విడిగా కొని తగిలించుకోవాల్సి వచ్చేది. ఇదంతా పేజీ నిండా రాసి, చివర్లో ఒక మాట కలిపాడు. "మీ ఊర్లో గొర్రెలే కాదు, మనుషులూ గొర్రెలే."

హర్ష ఇంటి గడప దాటి చాలా కాలమైంది. బెంగళూరులో వాడు పనిచేసిన గేముల కంపెనీ మూతపడింది. ముదిగుబ్బకు తిరిగి వచ్చేటప్పటికి చేలల్లో వేరుశనగ విత్తుతున్నారు. ఆ వారమే ఒక పెళ్లిలో ఎవరో, "గేములు చేస్తానని పోయినోడు తానే గేమైపోయి వచ్చినాడు" అన్నారు. పందిరంతా నవ్వింది. ఇంటికొచ్చి గది తలుపు వేసుకున్నాడు. పంట పీకారు, కాయలు కోశారు, పశువుల మేతకు కట్టె వాములు వేశారు. ఆ తలుపు మాత్రం తెరుచుకోలేదు.

తల్లి వనజాక్షి కంచం గది ముందు పెట్టి పోయేది. తండ్రి జయరాముడు ఒకప్పటి సర్పంచి. ఆయన గది వైపు కూడా వచ్చేవాడు కాదు. వసారాలో కూర్చుని, లోపలికి వినబడేలా అనేవాడు.

"పొట్టేలును కట్టేస్తే అదైనా తాడు తెంపుకోవాలని చూస్తాది. మన ఇంట్లోది అది కూడా చూడదు."

హర్ష చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాడు. బోర్లు, ఓట్లు తప్ప మూడో సంగతి తెలియని మనిషితో మాటలేమిటి అనుకునేవాడు.

గేమ్ కింగ్ మాత్రం వదిలేవాడు కాదు. ఎంత తిట్టినా మర్నాడు ఇంకో దిక్కుమాలిన ప్రశ్నతో దిగేవాడు.

"కొత్త మిషన్లలో డిస్కు పెట్టే సందు లేనిది కూడా ఉండాదంట. సందు లేకుంటే డిస్కు యాడ పెడతారప్పా, నెత్తినా?"

సందు లేనిదాంట్లో గేములు ఇంటర్నెట్‌లో దించుకోవాలనీ, వాటిని ఇంకొకరికి ఇవ్వడానికి ఉండదనీ, సందు ఉన్నది కొంటే 4కే సినిమా డిస్కులు కూడా చూడొచ్చనీ హర్ష పళ్లు కొరుకుతూ వివరించాడు. గేమ్ కింగ్ తెల్లవారకముందే ప్రశ్నలు వేసేవాడు. వాడికి జవాబు చెప్పడానికని హర్ష కూడా పెందలాడే లేవడం మొదలుపెట్టాడు. ఇక్కడ కరెంటు పోయినప్పుడల్లా వాడూ మాయమయ్యేవాడు. వాడిదీ ఏదో పనికిమాలిన పల్లెటూరే అని హర్ష తేల్చేశాడు.

ఒకరోజు వాడు హర్షకు విడిగా మెసేజ్ పెట్టాడు.

"నాకు నీ మాటల మీద నమ్మకం లేదు. శనివారం అనంతపురంలో మిషన్ కొంటాండా. సప్తగిరి సర్కిల్ కాడ గేముల షాపు ఉండాది. నీలం డబ్బా డిస్కు చేతిలో పట్టుకుని బయట నిలబడింటా. నువ్వొచ్చి ఏది కొనాల్నో నా మొగానే చెప్పు."

హర్ష ఫోన్‌ను మంచం మీదికి విసిరేశాడు. రెండో మెసేజ్ వచ్చింది.

"రాలేవులే. నీకు వచ్చింది రాతలే."

శనివారం పొద్దున హర్ష గడ్డం గీసుకుని, చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చాడు. బియ్యం ఏరుతున్న వనజాక్షి చేతులు ఆగిపోయాయి. ఎక్కడికని అడిగితే వెనక్కి పోతాడేమోనని అడగలేదు.

"తిని పో," అంది.

"వచ్చి తింటా."

వసారా ఖాళీగా ఉంది. నాయన నోటి నుంచి ఇంకో మాట వినకుండా తప్పించుకున్నాననుకుంటూ హర్ష వీధిలోకి నడిచాడు.

బస్సులో నలుగురూ తననే చూస్తున్నట్టు అనిపించింది. తట్టుకోలేక సగం దారిలో, బత్తలపల్లిలోనే దిగేశాడు. రోడ్డు దాటి, ముదిగుబ్బ వైపు వెళ్లే బస్సు కోసం నిలబడ్డాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"బస్సెక్కినావా, బయపడినావా?"

భయం అనే మాట కూడా సరిగ్గా రాయడం చేతకాదు వెధవకు. ఆ వెధవ ముందు ఓడిపోవడమా? హర్ష మళ్లీ రోడ్డు దాటాడు. అనంతపురం బస్సు రాగానే ఎక్కాడు. దారి పొడవునా, వాడి మొహం మీద అనాల్సిన మాటలను ఒక్కొక్కటే పదును పెట్టుకున్నాడు. సప్తగిరి సర్కిల్‌లో ఎండ మండుతోంది. జనం మధ్య నుంచి భుజాలు రాసుకుంటూ, ఎవరినీ లెక్క చేయకుండా నడిచాడు.

షాపు ముందు, నీలం డబ్బాను రెండు చేతులా గుండెకు ఆనించుకుని, వచ్చేపోయే ప్రతి మొహంలోకీ ఆత్రంగా చూస్తూ, నాయన నిలబడి ఉన్నాడు.