పడటం నేర్పే ఆవిడ

"లేచి నిలబడటం నేర్పే కొట్టు ముందు పడటం నేర్పుతావేంటమ్మా?"

సముద్రపు అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బోర్డులు అద్దెకిచ్చే కొట్టు యజమాని అరుపుకి, ఇసుకలో పడి ఉన్న ఐదారుగురు గబుక్కున లేచి కూర్చున్నారు.

వాళ్ల మధ్య నిలబడ్డ నడివయసు ఆవిడ మాత్రం బెదరలేదు.

"పడటం వస్తేనే బాబూ, మళ్లీ లేవడానికి మనిషి మిగిలేది."

కొన్నాళ్లుగా ఇదే వరస. తెల్లారేసరికి వస్తుంది. బోర్డు తీసుకున్నవాళ్లను ఆపి భుజాలు తిప్పమంటుంది, నడుము సాగదీయమంటుంది. ఆ తర్వాత ఇసుకలో పడమంటుంది.

"వీపు వాల్చి పడండి. తల ముందు పోకూడదు. ఇక్కడ లోతుండదు, అడుగున ఇసుక రాయిలా తగులుతుంది. పైకి తేలేటప్పుడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకోండి."

అది విని కొందరు బోర్డు వెనక్కిచ్చి వెళ్లిపోతున్నారు.

"ఎంత గుంజుతోందిరా వాళ్ల దగ్గర?" బావమరిదిని అడిగాడు యజమాని.

"పైసా అడగట్లేదు బావా. టీ ఇచ్చినా వద్దంది."

అనుమానం అప్పుడే గట్టిపడింది. బజార్లో ఊరికే వచ్చే సరుకంటూ ఉండదు. దాని ఖరీదు ఇంకెవరో కట్టే ఉంటారు.

"పక్క కొట్టువాడు పంపాడ్రా. మన బేరం చెడగొట్టడానికి."

మర్నాడు ఆ గుంపులో, కాలేజీలో చదివే తన కూతురే కనిపించింది. ఇసుకలో దొర్లుతూ నవ్వుతోంది.

"నాన్నా, భలే ఉంది! నాకే ఇంకా రావట్లేదు. ఎంత చూసుకున్నా తలే ముందు పోతోంది."

"లే ముందు! కొట్టువాడి కూతురే నీళ్లకి జడిస్తే ఇంకెవడొస్తాడు?"

రెక్క పట్టుకు లేపాడు. ఆవిడ అడ్డం వచ్చింది.

"ఈ ఒక్క పూట ఉండనివ్వండి బాబూ. అలవాటు తప్పిస్తాను."

"నా కూతురి మంచీచెడూ నాకు తెలుసు. నిన్ను పంపినవాడితో చెప్పు, ఈ పప్పులు నా దగ్గర ఉడకవని."

ఆవిడ చీరకంటిన ఇసుక దులుపుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

బేరాలు పుంజుకున్నాయి.

ఆ నెలాఖరులో కూతురు బోర్డు మీంచి తలకిందులుగా పడింది. నడుము లోతు నీళ్లే.

"ప్రాణానికి భయం లేదు. మెడ కింద నుంచి మాత్రం ఇక ఆశ పెట్టుకోకండి" అన్నాడు డాక్టరు.

"నాన్నా, కాస్త నా చెయ్యి పట్టుకోవా?" అంది కూతురు.

అతను అప్పటికే పట్టుకుని ఉన్నాడు.

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆవిడే. కూతురి మెడ పక్కన మడిచిన తువ్వాలు సర్దింది.

"నువ్వా... నువ్విక్కడేం చేస్తున్నావమ్మా?"

"అమ్మాయిని తరచూ పక్కకి తిప్పాలి. లేదంటే వీపంతా పుండ్లు పడతాయి. ఎలా తిప్పాలో చూపిస్తాను, రండి."

వార్డులో చివరి మంచం దాకా ఆవిడ వెంట నడిచాడు.

అక్కడ కదలకుండా పడుకుని, "వచ్చావా అమ్మా" అన్న కుర్రాణ్ని గుర్తుపట్టాడు: నిరుడు తన కొట్టు ముందే మెడ విరిగి పడి ఉంటే, పోలీసులతో "వీడు మా దగ్గర బోర్డు తీసుకోలేదు" అని తను బొంకింది ఇతని గురించే.