చుట్ల లెక్క

జెనరేటర్ కాయిల్ మాడిపోయి నాలుగు రోజులైంది. పల్లె ఆస్పత్రి ఫ్రిజ్‌లోని టీకాలు ఐసుగడ్డల దయ మీద ఉన్నాయి. అక్కడున్న ఒకే ఒక్క నర్సు డుఫీ, జెనరేటర్‌ను బస్సు మీద వేయించుకుని కుమాసీ నగరంలోని మెకానిక్కుల వాడకు వచ్చిపడింది.

మొదటి షెడ్డులోనే మెకానిక్ ఫోర్జోర్ చేతులెత్తేశాడు.

"లోపల అయస్కాంతం తిరుగుతుంటే ఒక్కో చుట్టుకీ ఇంత అని కరెంటు పుడుతుంది సిస్టరమ్మా. చుట్లు తగ్గాయా, మీ ఫ్రిజ్ లేవదు. నేను నలభై చుట్టేసరికి ఎవడో పలకరిస్తాడు. పలక్కపోతే పొగరంటారు. పలికితే ఇంటిల్లిపాది క్షేమమూ చెప్పాలి. లెక్క గల్లంతు! ఆ మూల బాదూ దగ్గరికెళ్లండి. వాడికి చెవుడు. అది వచ్చి పదకొండేళ్లయింది, అప్పట్నుంచి లెక్క తప్పిందే లేదు."

ఆమె రాసిచ్చిన కాగితం బాదూ చదివి తలూపాడు. తీగ చుట్టడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు అతనికి చెయ్యి ఊపి సాగిపోతున్నారు.

డుఫీ బల్ల మీద కూలబడింది. ఆరేళ్ల అలసట ఒక్కసారిగా ఒంటి మీదికొచ్చింది. వినేవాడు లేడు కదా అని నోరు విప్పింది.

"సెల్‌ఫోన్ వెలుతురులో కాన్పులు చేసి చేసి కళ్లు పోతున్నాయయ్యా. సెలవడిగితే, నీ బదులు ఎవరున్నారంటారు. అయస్కాంతం కదలకపోతే అభివాహం మారదు, కరెంటు పుట్టదని బళ్లో చెప్పారు. నేనూ ఆరేళ్లుగా కదల్లేదు. ఇంక నాలో ఏం పుడుతుంది చెప్పు?"

అతని చేతులు తిరుగుతూనే ఉన్నాయి.

"దీన్ని బస్సులో పంపేస్తా. నేను అక్రా బస్సెక్కేస్తా. ఇక తిరిగి వెళ్లను."

బాదూ ఆగాడు. చుట్టిందంతా విప్పేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. తీగలో ఏదో లోపం ఉండుంటుందనుకుని ఆమె కళ్లు మూసుకుంది.

నాలుగింటికి పని అయింది. బాదూ ఓ బల్బు తగిలించి ఇంజను తాడు లాగాడు. బల్బు నిండుగా వెలిగింది. డుఫీకి ఏడుపొచ్చింది. అది చూస్తుంటే వెళ్లిపోవడానికి మనసు రావడం లేదు, ఉండిపోవడానికి ఓపికా లేదు. చేతులు జోడించి అతనికి సైగతోనే కృతజ్ఞత చెప్పింది.

బాదూ ఇంజను ఆపాడు. ఫోర్జోర్ అటు తిరిగి ఉన్నాడో లేదో చూసుకున్నాడు. ఆమె వైపు వంగి గుసగుసలాడాడు.

"పదకొండేళ్లలో నా లెక్క తప్పింది ఒక్కసారే సిస్టరమ్మా, 'ఇక తిరిగి వెళ్లను' అన్న మీ మాట చెవిన పడ్డప్పుడు."