తలుపు తియ్యొద్దు

కాళ్ళు తనవి కానట్టున్నాయని డైవర్ మొత్తుకుంటూంటే, సిస్టర్ తీరిగ్గా అతని నీళ్ళసీసా మూత వదులు చేస్తోంది.

"బిగించి ఉంచితే సీసా చొట్టపోతుంది. లోపల ఒత్తిడి అలాంటిది," అంది.

రేవు పక్క ఆస్పత్రిలో ఒత్తిడి గది అది. గదంటే గదీ కాదు, ఇద్దరు ఇరుక్కునే ఇనప పీపా. ఒక్కటే తలుపు. బయట ఆపరేటర్ గాలి ఎక్కించడం మొదలుపెట్టాక, మళ్ళీ ఆ గాలి దించితేగానీ, లోపలివాళ్ళు ఎంత గోలపెట్టినా ఆ తలుపు రాదు.

సముద్రం లోతునుంచి తొందరపడి పైకొచ్చినవాళ్ళకి అదే గతి. కిందికి దిగేకొద్దీ ఒత్తిడికి గాలి రక్తంలో కరుగుతుంది. ఆగి ఆగి పైకొస్తే మెల్లగా వదులుతుంది. గబుక్కున వస్తే సోడా మూత తీసినట్టే, ఒళ్ళంతా బుడగలు. ఇతనికి వెన్నులో చేరాయి. మళ్ళీ ఒత్తిడి పెట్టి, ఆక్సిజన్ పట్టించి, గంటల తరబడి నిదానంగా తగ్గించుకు రావాలి. మధ్యలో ఆపితే కాళ్ళమీద ఆశ వదులుకోవాల్సిందే.

సిస్టర్ వట్టి వాగుడుకాయ. అతని అరికాళ్ళు రుద్దుతూ, ఇంట్లో చెప్పే దిగారా అని అడిగింది.

లేదన్నాడు.

"ఎవడు చెబుతాడు లెండి. అందరూ బుద్ధిమంతులే."

డైవర్‌కి ఒళ్ళు మండింది. బాతు ఏమయ్యాడో తెలీక తను చస్తూంటే ఈవిడకి వేళాకోళంగా ఉంది.

నీళ్ళు కనిపిస్తే వదలడని స్నేహితులు పెట్టిన పేరు బాతు. పొద్దున పడవలో అతను మేజోళ్ళు తిరగేసి తొడుక్కుంటూంటే అందరూ ఏడిపించారు. కుట్టు వేళ్ళని కొరుకుతుందిట. ఇంట్లో రోజూ దీనికే తిట్లు తింటానని నవ్వాడు. ఇవాళ సినిమాకని చెప్పి వచ్చాట్ట.

ఇద్దరూ నూట నలభై మీటర్లు దిగారు. అంత లోతులో గాలి చిక్కబడుతుంది, పీల్చడమే పెద్ద పని. ఎందుకో బాతు కంగారుపడి రొప్పడం మొదలుపెట్టాడు. రొప్పినకొద్దీ బయటికి పోవాల్సిన గాలి లోపలే పేరుకుపోయింది. కళ్ళు తేలేశాడు. పైన పడవవాళ్ళయినా చూస్తారని, డైవర్ అతని సూట్‌లోకి గాలి నింపి, పైకి తేలిపోయేలా చెయ్యి వదిలేశాడు.

ఆ చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. పిడికిలి విప్పినా పోవడం లేదు.

పైకొచ్చే దారిలో ఆగాల్సిన చివరి మజిలీలు ఎగ్గొట్టి తనూ వెనకే వచ్చాడు. పైన బాతు కనపడలేదు.

అందుకే ఆక్సిజన్ మాస్క్ తీసిన ప్రతిసారీ, బాతు దొరికాడా అని ఒకటే అడుగుతున్నాడు.

"బాతులు మునుగుతాయా? తేల్తాడు లెండి," అంది సిస్టర్.

డైవర్ కాలి బొటనవేలు కాస్త కదిలిన సమయంలో గోడకున్న ఫోన్ మోగింది.

సిస్టర్ చాలాసేపు వింది. "నువ్వు చూశావా?" అంది. మళ్ళీ వింది. పీపాకున్న గుండ్రటి అద్దంలోంచి కనిపిస్తున్న ఆపరేటర్ మొహం తిప్పుకున్నాడు.

"వద్దు. తలుపు తియ్యొద్దు. ఇతనికి వేలు ఇప్పుడే కదిలింది," అని ఫోన్ పెట్టేసింది.

బాతు గురించేనా అని అడగబోతే మాస్క్ పెట్టేసింది.

అక్కణ్ణుంచి ఆవిడ నోట మాట లేదు. విసుగొచ్చిందనుకున్నాడు డైవర్. మళ్ళీ మాస్క్ తియ్యగానే బతిమాలాడు, తలుపు తీయించమని, తను వెళ్ళి వెతుక్కుంటానని. పడుకోమంది.

"మీవాళ్ళెవరైనా అక్కడుంటే ఇలాగే కూర్చునేవారా?"

ఒత్తిడి తగ్గేకొద్దీ పీపాలో చలి పెరిగింది. ఆవిడ చేతులు మాత్రం అతని పాదాలు రుద్దుతూనే ఉన్నాయి.

చాలాసేపటికి ఒకటే అడిగింది. "చెయ్యి వదిలినప్పుడు వాడికి తెలుసా?"

ముక్కూ మొహం తెలియని మనిషిని వాడంటుందేమిటని చిరాకుపడుతూనే, అప్పటికే స్పృహ లేదన్నాడు.

"వదలకపోతే ఇద్దరూ పోయేవారు," అంది. "అది మనసులో పెట్టుకోకండి."

తలుపు తెరుచుకునేసరికి సాయంత్రమైంది. డైవర్ గోడ పట్టుకుని తన కాళ్ళమీద నిలబడ్డాడు. ఇంతలో సిస్టర్ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. ఎలా ఉందని కూడా అడగలేదు. ఈవిడ సంగతి డాక్టర్‌కి చెప్పాల్సిందే అనుకుంటూ వరండాలో నడిచాడు.

చివరి గది తలుపు తీసి ఉంది. లోపల బల్లమీద, మెడదాకా దుప్పటి కప్పి, బాతు.

డైవర్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

పాదాల దగ్గర కూర్చుని సిస్టర్ పొడి మేజోళ్ళు తిరగేసి తొడుగుతోంది.

"కుట్టు కొరకదులే నాన్నా," అంటోంది, "ఇవాళ నేనేం తిట్టను."